ఎడమచేతి ముడి

అక్టోబరు 27

ఈ డైరీ రఘునాథ్ కొనిచ్చాడు. "దినామూ రాయి శేఖరా, పోలీసోడికి రాసే అలవాటుండాల" అన్నాడు. ఏం రాయాలో చెప్పలేదు. అందుకే రెండు రోజులు ఖాళీగా ఉంచాను. ఈరోజు అడిగేలా ఉన్నాడని రాస్తున్నాను.

నా పూర్తి పేరు మునిశేఖర్. ముని తీసేసింది రఘు. తిరుపతి కోచింగ్ సెంటర్లో చేరిన మొదటి వారం, ఎవడో నా పేరు అడిగితే నాకంటే ముందు తనే "శేఖర్" అని చెప్పాడు. అప్పటి నుంచి నేను శేఖర్‌నే. ఇప్పుడు ఇద్దరం ఒకే గదిలో ఉంటున్నాం. వాడు టీలో చక్కెర మానేశాడు, నేనూ మానేశాను. చొక్కా చేతులు రెండు మడతలు మడవడం, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల కొంచెం పక్కకు వంచి వినడం, అన్నీ వాడివే. మొన్న పుత్తూరు బస్సులో కండక్టరు ఏదో అంటే నవ్వాను. ఆ నవ్వు కూడా వాడిదేనని నవ్వుతుండగానే తెలిసింది.

కానిస్టేబుల్ ఉద్యోగం నాకు కావాలా? ఈ ప్రశ్న రాసి కాసేపు చూశాను. వాడికి కావాలి. అది చాలు.

అక్టోబరు 30

పొద్దున గ్రౌండ్‌లో జాహ్నవి వేలికి వాలీబాల్ తగిలి పక్కకు వంగిపోయింది. మా బ్యాచ్ అమ్మాయే. అందరూ మూగారు. రఘు నన్ను ముందుకు తోశాడు. "జరగండబ్బా, మావోడిది పుత్తూరు కట్టు వంశం. వీడి చేయి పడితే సాలు." వేలు పట్టుకుని లాగాను. టక్కుమని కూర్చుంది. అంతా చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి ఏడుస్తూనే థ్యాంక్స్ చెప్పింది. సాయంత్రానికల్లా సెంటరంతా నన్ను డాక్టరప్పా అంటోంది.

వాళ్ళకు తెలియనిది ఇక్కడైనా రాసుకుంటాను. పుత్తూరు పక్కన మా ఊళ్ళో నాయన రోజుకు పదిమందికి ఎముకలు కడతాడు. పేరు వెంకటముని. నేను చేసిందల్లా వెదురు బద్దలు చెక్కడం, ఆకు నూరడం, నొప్పికి తన్నుకునేవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం. మనిషికి కట్టనివ్వలేదు. మంచం కోడుకు కట్టి నేర్చుకోమన్నాడు. నాది ఎడమచేతి వాటం కాబట్టి ముడి తిరగబడి పడుతుంది. "నీ ముడి ఊర్లో ఎవురు సూసినా నీదేనంటారు" అనేవాడు నాయన.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కట్టిన చేయే విప్పాలి. ఇంకెవరో కట్టిన ముడిని నాయన ముట్టడు. తప్పనిసరైతే ముడి జోలికి పోకుండా గుడ్డను ఇంకోవైపు కోసేస్తాడు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "కట్టినోడు వచ్చి తన పని తాను సూసుకోవాల గదా" అన్నాడు.

రఘుకు ఇవేవీ చెప్పలేదు. డాక్టరప్పా అనిపించుకోవడం బాగుంది.

నవంబరు 4

పదహారు వందల మీటర్లు. రఘు మొదట, నేను వాడి వెనకే. దాటగలిగేవాణ్ణి. దాటలేదు.

నవంబరు 8

సాయంత్రం లాంగ్ జంప్ చేస్తూ రఘు ఇసుక పక్కనున్న గట్టినేల మీద పడ్డాడు, కుడిచేయి కింద పెట్టి. ఆ శబ్దం విన్నాను. మా ఇంట్లో పెరిగినవాడికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. మణికట్టుకు పైన విరిగింది.

ఆసుపత్రికి పోదామన్నాను.

"పోతే సిమెంటు కట్టేస్తారు, ఆరు వారాలు. మన పోలీసు సెలక్షన్ ఈవెంట్స్‌కు ఎన్నాళ్ళుండాది?"

"ఎనిమిది రోజులు."

"మరి?"

"మా నాయన దగ్గరికన్నా పోదాం."

"మీ నాయన నలభై దినాలు కదలగూడదంటాడు. నువ్వే కట్టు. పరిగెత్తేది కాళ్ళతో గదా, చేతుల్తోనా?" అంత నొప్పిలోనూ నవ్వాడు.

నేనెప్పుడూ మనిషికి కట్టలేదు రఘూ, అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. గొంతులోనే ఉండిపోయిందేమో.

గంపలు అల్లేవాళ్ళ దగ్గర వెదురు తెచ్చి బద్దలు చెక్కాను. కొత్త పంచె చింపాను. ఆకు లేదు, గుడ్డు తెల్లసొన పూశాను. నాయన కింద దూది, గుడ్డ మందంగా వేస్తాడు. చేయి వాస్తుందని జాగా వదులుతాడు. మర్నాడు పొద్దున్నే గోళ్ళు చూస్తాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలియదని మాత్రం ఎప్పుడూ అనను.

"లావుగా వద్దు. జాకెట్టు చేతిలో పట్టాల. బయటికి కనపడిందంటే గేటు దగ్గిరే పంపించేస్తారు" అన్నాడు రఘు.

ఒక వరస గుడ్డ తీసేశాను. తర్వాత ఇంకో వరస తీసేశాను. లాగి కట్టాను. "ఇంకా" అన్నాడు. ఇంకా లాగాను.

కట్టాక జాకెట్టు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. చెమటలు కారుతున్నాయి. "సూడు, ఎవురికన్నా తెలస్తాదా? శభాష్ డాక్టరప్పా." నా భుజం మీద ఎడమచేయి వేశాడు. ఇంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

నవంబరు 9

వేళ్ళు ఉబ్బాయి. ఉబ్బుతాయి. నాయన కట్టినా ఉబ్బుతాయి.

రఘు అన్నం ముట్టలేదు. చేయి ఎవరో పిండుతున్నట్టుంది అన్నాడు. నొప్పి ఉందంటే ఎముక పట్టుకుంటోందని అర్థం, అని చెప్పాను. ఈ మాట నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, నోటికొచ్చింది. వాడు బుద్ధిగా తలూపాడు. నేను చెప్పింది వాడు వినడం ఇదే మొదటిసారి.

నవంబరు 10

నొప్పి తగ్గింది.

మధ్యాహ్నం నుంచి అసలు లేదంటున్నాడు. మొద్దుబారినట్టుంది, అంతే. "నీ చేతిలో ఏందో ఉండాదబ్బా" అన్నాడు. చిటికెన వేలు గిల్లాను. తెలియలేదన్నాడు. గట్టిగా గిల్లాను. తెలియలేదన్నాడు. మంచిదే.

నొప్పి తగ్గింది.

నవంబరు 11

టిఫిన్ అంగట్లో రఘు ఎడమచేత్తో ఇడ్లీ తింటున్నాడు. జాహ్నవి వచ్చి ఎదురుగా కూర్చుంది. వాడి కుడిచేయి బల్ల మీద ఉంది. జాకెట్టులోంచి వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ అమ్మాయి మాట మధ్యలో ఆగిపోయింది.

"గోర్లు సూడన్నా. నల్లంగా ఉండాయి."

"కట్టు కట్టినారులే" అన్నాడు రఘు, తనకు మామూలైన ఆ నవ్వుతో.

జాహ్నవి నవ్వలేదు. నా వైపు తిరిగింది. "నీకు తెలీదా? మీ ఇంట్లో ఇదే పని గదా?"

తెలుసు. మూడు రోజులుగా ఆ గోళ్ళు చూడకుండా వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను.

కారు మాట్లాడి మా ఊరికి తీసుకెళ్ళాను. దారంతా రఘు డ్రైవరుతో క్రికెట్ గురించి మాట్లాడాడు. నాయన వసారాలో ఎవరి కాలికో కడుతున్నాడు. రఘు చేయి చూడగానే ఆ పని వదిలేసి లేచాడు. జాకెట్టు చేయి కత్తిరించాడు. కట్టును ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. ముడి దగ్గర ఆగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా వైపు చూడలేదు.

ముడి జోలికి పోకుండా రెండోవైపు కత్తెర పెట్టి కోశాడు. గుడ్డ ఊడింది. లోపల ఎలా ఉందో రాయను.

"ఇది నా చేతిలో లేదు నాయనా. ఇట్లే పెద్దాసుపత్రికి పోండి" అన్నాడు రఘుతో. ఆ బద్దలు, గుడ్డ ఒక సంచిలో వేసి "డాక్టర్లు అడగతారు" అని నా చేతికిచ్చాడు. తనూ కారెక్కాడు.

నవంబరు 12

ఆపరేషన్ చేశారు. మోచేతి నుంచి మణికట్టు దాకా కోసి, లోపల ఒత్తిడి వదిలించారట. చేయి ఉంటుందన్నారు. పని చేస్తుందని మాత్రం అనలేదు.

నవంబరు 13

ఏమీ లేదు.

నవంబరు 14

ఏమీ లేదు.

నవంబరు 16

ఈరోజు ఈవెంట్స్. నేను పోలేదు. ఎందుకు పోలేదని ఎవరూ అడగలేదు.

నవంబరు 19

ఆసుపత్రిలో రఘు వాళ్ళ నాయన గోవిందు గారు ఉన్నారు. చిత్తూరు దగ్గర వాళ్ళకు మామిడితోటలు. మనిషి ఎత్తుగా ఉంటాడు. కూర్చోమంటే కూర్చోడు. నన్ను చూడగానే భుజం తట్టాడు.

"నువ్వు గానీ మీ నాయన దగ్గరికి తీసకపోకుంటే చేయి తీసేసేవాళ్ళంట గదప్పా. నీ రుణం ఎట్ల తీర్చుకోవాల?"

నాకు అర్థం కాలేదు. ఆయన టీకి దిగాక రఘు చెప్పాడు. తడ అనే ఊళ్ళో స్నేహితుణ్ణి చూడడానికి పోయి అక్కడ పడ్డాడట. రోడ్డు పక్క ఎవరో ముసలాయన కట్టాడట. ఇంట్లో అలా చెప్పాడు.

"ఎందుకట్ల చెప్పినావు?"

"ఇంకేం చెప్పాల? నీ పేరు చెబితే మా నాయన నిన్ను బతకనిస్తాడా? నోరు మూసుకోని ఉండు. నేను సూసుకుంటా." ఎడమచేత్తో నా చెంప తట్టాడు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేయి పోగొట్టుకుని కూడా నన్ను కాపాడుతున్నాడు. ఇలాంటి స్నేహితుడు ఎవరికుంటాడు? తడలో అలాంటి ముసలాయన ఎవరూ లేరు కదా. ఎవరికీ నష్టం లేదు.

నవంబరు 26

రఘును ఇంటికి పంపేశారు. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. విప్పి వదిలితే మళ్ళీ ముడుచుకుంటున్నాయి. రోజూ వ్యాయామం చేయించమన్నారు. ఏడాది పడుతుందట, ఏడాదికైనా ఎంత వస్తుందో చెప్పలేమట.

నేను గదిలోనే ఉన్నాను. చొక్కా చేతులు మడుస్తూ మధ్యలో ఆపేశాను. ఎన్ని మడతలు వేసేవాణ్ణో, రఘు రాకముందు? గుర్తు రాలేదు.

నవంబరు 29

క్లాసుకు పోయాను. జాహ్నవి పక్క బెంచీలో కూర్చుంది, మాట్లాడలేదు. ఆ అమ్మాయి వేలు బాగానే ఉంది.

డిసెంబరు 2

గోవిందు గారు ఫోన్ చేశారు. గొంతులో ఉత్సాహం.

"దొరికినాడప్పా ఆ ముసలోడు. తడ పక్కనే. మనిషికీ గొడ్డుకీ ఒకటే కట్టు కడతాడంట. పేరు చెంగల్రాయుడు. నేనూ మా తమ్ముడూ పోయినాము. బోర్డు పెరికేసినాము. వాని బద్దలన్నీ కాలవలో వేసినాము. నేను కాదు సామీ అని కాళ్ళు పట్టుకున్న్యాడు, దొంగ నాయాలు. రేపెల్లుండి స్టేషన్లో కేసు పెడతా."

"ఆయనేనని ఎట్ల తెలిసింది?"

"ఫొటో తీసి మావోడికి పంపినా. అట్లనే ఉండాడన్న్యాడు."

రఘుకు ఫోన్ చేశాను. ఎందుకలా చెప్పావన్నాను.

"ఇంకేమనాల శేఖరా? కాదంటే ఇంకోణ్ణి ఎతుకుతాడు. అట్ల ఎతుకుతా ఎతుకుతా నీ కాడికే వస్తాడు. ముసలోడు గదా, రెండు దినాలు స్టేషన్లో కూచోబెట్టి పంపించేస్తారు. నీకేమవుతాది?"

ఈ మాటల్లో తప్పెక్కడుందో చాలాసేపు వెతికాను. వాడు మాట్లాడితే ఎప్పుడూ ఇంతే, అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. నాకు కోపం రావాలి. రాలేదు. భయం రావాలి. అదీ లేదు. ఆ రోజు వాడి వేలు గిల్లినట్టు నా చేయి గిల్లుకుని చూశాను. తెలిసింది. అంతే, నొప్పని మాత్రం అనిపించలేదు.

డిసెంబరు 3

ఊరికి పోయాను. నాయన వసారాలో బద్దలు చెక్కుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"ముడి సూసినప్పుడే తెలిసినాది గదా నీకు?"

"ఊ."

"ఎవురికీ చెప్పలేదే?"

"నా నోటితో చెప్పేదానికి నేను కట్టినానా?" తలెత్తలేదు. చెక్కుతూనే ఉన్నాడు. "ఆ దినం ముడి ఎట్లుండాదో సూద్దామని చెయ్యి పెట్టినా. తిరగబడి ఉండాది. చెయ్యి ఎనక్కి తీసేసినా."

చెంగల్రాయుడి సంగతి చెప్పాను. నాయన చేతిలో కత్తి ఆగింది.

"ఆయప్ప నాకు తెలుసు. నాకంటే పదేండ్లు పెద్ద. గొడ్లకి బాగా కడతాడు." మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు. "సన్నంగా కట్టినావు. ఎందుకు?"

"రఘు కట్టమన్న్యాడు."

"వాడు కట్టమంటాడు. వానికేం తెలుసు?" ఇది కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. "నీకు తెలుసు గదా మునీ."

డిసెంబరు 5

పొద్దున పదింటికల్లా గోవిందు గారి ఇంటికి పోయాను. రఘు సోఫాలో ఉన్నాడు, చేయి దిండు మీద. పక్కన వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ కూర్చుని ఆ వేళ్ళను ఒక్కొక్కటీ సాగదీస్తోంది. ఆమె వదిలిన వేలు వదిలినట్టే ముడుచుకుంటోంది.

ఇన్నాళ్ళూ గోవిందు గారిని అంకుల్ అనేవాణ్ణి, రఘు స్నేహితులంతా అలాగే అంటారని. ఈరోజు నోట్లోంచి "పెదనాయనా" అని వచ్చింది.

"పెదనాయనా, ఆ కట్టు కట్టింది నేను. తడలో ఎవురూ కట్టలేదు."

ఆయన నవ్వాడు. ఈ పని అయిపోతే నా గుండె తేలికవుతుందని అనుకున్నాను. ఆయన నవ్వుతాడని అనుకోలేదు.

"మావోడు నిన్ననే చెప్పినాడప్పా. శేఖర్‌కి మనసు మెత్తన, ఆ ముసలోణ్ణి తలుచుకోని తప్పు నెత్తిన యేసుకుంటాడు, నమ్మొద్దు నాయనా అని. నీ మాదిరి స్నేహితుడు ఉండేది మావోడి అదృష్టం."

రఘు వైపు చూశాను. తల కొంచెం పక్కకు వంచి నా వైపే చూస్తున్నాడు. నేను చెప్పబోయేది నాకంటే ముందే చెప్పేశాడు. మొదటి వారం నా పేరు చెప్పినట్టు.

అక్కడితో తిరిగి వచ్చేయొచ్చు. చెప్పాను, నమ్మలేదు, నా తప్పేముంది. బయటికి రెండు అడుగులు వేశాను కూడా. ఇది రాయాలి కాబట్టి రాస్తున్నాను.

తిరిగి లోపలికి పోయి, "ఆ సంచి యాడుండాది?" అని అడిగాను. ఆసుపత్రిలో నేనిచ్చిన ఆ సంచిని, కేసుకు పనికొస్తుందని గోవిందు గారు బీరువాలో పెట్టారు. చంద్రకాంతమ్మ తెచ్చింది. గుడ్డ గట్టిపడిపోయింది. కోసిన చోట కోసినట్టే ఉంది, ముడి మాత్రం చెక్కుచెదరలేదు.

బల్ల మీద తువ్వాలు ఉంది. దాన్ని సోఫా కోడుకు చుట్టి ముడి వేశాను, ఎడమచేత్తో. సంచిలోని గుడ్డ దాని పక్కన పెట్టాను. "పెదనాయనా, మీరొకటి వేయండి" అన్నాను. ఆయన ఏమీ అర్థం కాక తన తువ్వాలుతో ఒక ముడి వేశాడు. మూడూ పక్కపక్కన ఉన్నాయి. ఆయనది ఒక వైపు తిరిగింది. మిగతా రెండూ ఇంకోవైపు.

ఆయన వంగి చూశాడు. చంద్రకాంతమ్మ కూడా వంగి చూసింది. ఆమె చేతిలో కొడుకు చూపుడువేలు అలాగే ఉంది.

"మా ఇంట్లో కట్టిన చెయ్యే విప్పాల" అన్నాను. గుడ్డలోని ముడి విప్పడం మొదలుపెట్టాను. తెల్లసొన ఎండి బిగుసుకుపోయింది. గోళ్ళతో, తర్వాత పళ్ళతో విప్పాను. చాలాసేపు పట్టింది.

సన్నగా కట్టమన్నది, గట్టిగా లాగమన్నది రఘు అని నేను చెప్పలేదు. కట్టింది నేను, తెలిసి కట్టింది నేను. ఆ మిగతా మాట వాడు చెప్పాల్సింది. విప్పుతున్నంతసేపూ చెబుతాడేమోనని చూశాను. వాడు దిండు మీది చేతినే చూసుకుంటున్నాడు.

వాడు చెప్పలేదు.

ముడి విడింది. గోవిందు గారు నన్ను కొడతారనుకున్నాను. ఆయన మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు. "పో" అన్నాడు. "నాకు కనపడగాకు, పో." చంద్రకాంతమ్మ నా మొహం చూడకుండా కొడుకు చేతిని తన కొంగులో దాచుకుంది.

గేటు దాకా వచ్చాక లోపలి నుంచి రఘు పిలిచాడు. "శేఖరా."

వెనక్కి తిరగలేదు. నా పేరు మునిశేఖర్.

డిసెంబరు 6

కేసు లేదని గోవిందు గారి తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. ఇంకొన్ని మాటలు కూడా అన్నాడు. అవి అనాల్సినవే.

డిసెంబరు 8

నాయన, నేను తడకు పోయాం. రెండు రోజులు కూర్చుని నేను చెక్కిన వెదురు బద్దలు ఒక కట్ట తీసుకెళ్ళాం. చెంగల్రాయుడి ఇంటి ముందు బోర్డు పీకిన గుంటలో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆయన బయటికి రాలేదు. ఆయన భార్య గడప దగ్గర నిలబడింది.

నేను చేసింది చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె విన్నది. తిట్టలేదు.

"ఇవి ఎవురికి నాయనా?" అంది బద్దలు చూసి.

"పెద్దాయనకు. కాలవలో వేసిన దానికి..."

"ఆయన ఇంక కట్టడు. మొన్న ఒకాయప్ప కాలిరిగిన దూడను తెచ్చినాడు. ముట్టుకోను పొమ్మన్న్యాడు. చేతులు వణకతా ఉండాయి. మడిసే కాదు, గొడ్డును కూడా ముట్టుకోడంట." కట్ట తీసి మళ్ళీ నా చేతుల్లో పెట్టింది. "తీసకపోండి. ఈడ ఎవురికీ పనికి రావు."

నేను పాడుచేసింది రఘు చేయి ఒక్కటే అనుకున్నాను.

సత్యవేడు మీదుగా బస్సులో తిరిగి వచ్చాం. కట్ట నా ఒళ్ళో ఉంది. అది వేరే ఎక్కడా పట్టలేదు. నా కట్ట నేనే మోయాలన్నట్టు, పుత్తూరు వచ్చేదాకా నాయన దాని మీద చేయి వేయలేదు.